ముడేస్తారంతే

సోమవారం టీకాల రోజు. నర్సీపట్నం ఊరి చివర పేటలో, ఒక పెంకుటింటి వరండాలో నడిచే సబ్‌సెంటరు ముందు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని బారులు తీరారు. నర్సు దయావతి మరుగుతున్న నీళ్లలోంచి గాజు సిరంజిని పటకారుతో తీసి, సూది బిగించి, మందు ఎక్కించి, పిల్ల తొడని రెండు వేళ్లతో ఒడిసిపట్టి గుచ్చుతోంది. పిల్ల గుక్కపడుతోంది. తల్లి ఆమెకేసి కోపంగా ఒక చూపు చూసి పిల్లని భుజానేసుకుని వెళ్తోంది. సూది మళ్లీ గిన్నెలోకి. పాతికమంది పిల్లలు, ఆరు సూదులు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈమధ్య నడుము వంగితే లేవడం లేదు, లేస్తే వంగడం లేదు.

పోలేరమ్మ వచ్చిన సంగతి దయావతి చూసింది. ఎండుచేపల గంప అరుగు కింద దించి, లైనుకి దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది. చంకలో పిల్ల లేదు. ఆమెని చూసి ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లల్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, కొంగు కప్పుకున్నారు. పోలేరమ్మ అది చూసింది, చూడనట్టు వీధికేసి తిరిగింది. లైనంతా అయిపోయి, ఆఖరి పిల్ల ఏడుపు సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, అప్పుడు మెట్టెక్కింది.

"అమ్మగారూ, ఆ ముడి ఇప్పించండి."

దయావతి దూది డబ్బా మూత పెడుతూ, "ఏ ముడి?" అంది.

"నాకేసిన ముడండి. ఆపరేసను ముడి. నాలుగేళ్లయింది. మీరే కదా సెప్పేరు, కడుపులోన సిన్న ముడేస్తారంతే, సీమ కుట్టినట్టుంటాది అని. ఇప్పుడది ఇప్పించండి. నాకు పిల్లలు కావాల."

దయావతి చేతిలో మూత డబ్బా మీద సరిగ్గా కూర్చోలేదు. తీసి మళ్లీ పెట్టింది.

ఆ మాట తనదే. ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో 'కోస్తారు' అంటే ఆడవాళ్లు గుమ్మం దిగిపోయేవారు. 'ముడేస్తారు' అంటే ఆగేవారు. కొంగుకి ముడి, కొప్పుకి ముడి, మూటకి ముడి, రోజుకి వందసార్లు వాళ్లు వేసి వాళ్లు విప్పుకునేదే. అందులో భయపడడానికేముంది? ఆ మాట దొరికాక ఇంతమందిని ఆపరేషన్‌కి తేవాలన్న టార్గెట్ ఆమెకి ఏ ఏడూ తప్పలేదు.

"మా అత్త తుని కాడ మారుమనువుకి ఒక గుంటని సూసొచ్చిందండి" అంది పోలేరమ్మ. "మా ఇంటాయన ఔననలేదు, కాదనలేదు. సెరువు గట్టు మీద వల బాగుసేసుకుంటా కూకున్నాడు. ఆయన ఔననీలోపు నాకు కడుపు నిలబడాల. రేపే ఎల్దామండి. బేగి అయిపోద్దేటి? లచ్చివారం సంతకి నానుండాల."

ఆమె కొడుకులిద్దరూ పోయింది కిందటి వానల్లో. పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నవాడికి నాలుగు. వాంతులు, విరేచనాలు. దయావతే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పోసింది. చిన్నవాడు ఆదివారం పోయాడు, పెద్దవాడు మంగళవారం.

"రేపు కాదు, బుధవారం వెళ్దాం. పట్నంలో పెద్ద డాక్టరమ్మ ఉంది" అంది దయావతి. పోలేరమ్మ నవ్వింది. ఆర్నెల్లలో ఆమె నవ్వడం దయావతి చూడలేదు. గంప నెత్తికెత్తుకుని, "మీరుండగా నాకేటి బయం" అనేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ జీవరాజుగారు లూనా మీద వచ్చారు. దయావతి వాళ్ల చర్చిలోనే సంఘ పెద్ద ఆయన. యాభై దాటాయి, కళ్ల కింద సంచులు. "వందనాలమ్మా" అంటూనే అర్హులైన దంపతుల రిజిస్టరు తెరిపించి, ఎర్ర పెన్సిలుతో గీత గీశారు.

"శనివారం ఆపరేషన్ల క్యాంపు. నీకింకా ముగ్గురు తక్కువ. సీతాలు ఎలాగూ ఉంది. సోమలమ్మ ఒప్పుకుందన్నావు. మూడోది ఎవరో వెతుకు."

"సీతాలు మొగుడు ఒప్పుకోవట్లేదు సార్. పోలేరమ్మ పిల్లలు ఆపరేషన్ దోషం వల్లే పోయారని పేటంతా అంటున్నారు."

"మళ్లీ కలుపుతారని చెప్పు. సర్క్యులర్లో ఉంది కదా, అవసరమైతే ఉచితంగా కలుపుతారని."

"'ప్రయత్నిస్తారు' అనుంది సార్."

జీవరాజుగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "దయావతమ్మా, ఈ పేటకి నువ్వొచ్చినప్పుడు ఎన్ని గడపలు?"

"అరవై."

"ఇప్పుడు?"

"రెండొందల పది."

"నుయ్యి?"

"అదొక్కటే."

"మరి ఎవరికి మంచి చేస్తున్నామో నీకు నేను చెప్పాలా?"

"అవసరం లేదని నేననట్లేదు సార్. వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పి చెయ్యొచ్చు కదా అని."

"చెప్తే వస్తారా?"

ఆయన మంచినీళ్లడిగి గ్లాసుడూ గడగడా తాగి, లూనా పెడలు నాలుగుసార్లు తొక్కి వెళ్లిపోయారు.

బుధవారం మొదటి బస్సుకే పోలేరమ్మ తయారైంది. పసుపురంగు కోక, తలలో చామంతులు. సంచిలో ఒక తువ్వాలు, మార్చుకోడానికి జాకెట్టు. సాయంత్రానికి ముడి విప్పించుకుని వచ్చేసే మనిషి సర్దుకున్నట్టు సర్దుకుంది. దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూ, చెరుకు లారీలు లెక్కపెట్టింది. అనకాపల్లి దగ్గర బెల్లం వాసన బస్సంతా నిండితే, "మా పెద్దోడికి బెల్లం అంటే పానం" అని, ఆ మాట అన్నందుకు తనే ఉలిక్కిపడి ఊరుకుంది.

పట్నం ఆసుపత్రిలో పన్నెండు దాటాక పిలుపొచ్చింది. డాక్టరమ్మ చిన్నావిడ. పోలేరమ్మని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద పాత మచ్చ నొక్కి చూసింది. పోలేరమ్మ తెచ్చిన, నాలుగు మడతలు పెట్టిన పాత ఆపరేషన్ కాగితం విప్పి చదివింది. చదివినంతసేపూ దయావతి పోలేరమ్మ మొహం చూడలేక గోడ మీద బల్లిని చూసింది.

"రెండువైపులా గొట్టాల్లోంచి ముక్క కోసి తీసేశారమ్మా. మిగిలింది పొట్టి. పొట్ట మళ్లీ తెరిచి కొసలు కలిపి కుట్టి చూడొచ్చు. కుట్టినా పదిమందిలో ఒకరికి నిలుస్తుంది, మహా అయితే ఇద్దరికి. వంతు రావడానికే నెలలు పడతాయి. ఈమెకి అర్థమయ్యేలా మీరు చెప్పండి."

బయట వరండాలో జనం. బెంచీ మీద చోటు లేదు. మెట్ల కింద కుళాయి పక్కన నిలబడి పోలేరమ్మ జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ, "ఏటంతాది? ఎప్పుడిప్పుతాదంట?" అంది.

దయావతి చెప్పింది. గొట్టం ఎలా ఉంటుందో చిటికెన వేలు చూపించి చెప్పింది. ఎంత ముక్క పోయిందో గోటితో గీత గీసి చూపించింది.

పోలేరమ్మ ఆ వేలినే చూస్తూ నిలబడింది. "కోసీసేరా?"

"కోసి, అప్పుడు ముడేశారు."

"మరి ముడని సెప్పేరే?"

కుళాయి కింద ఎవరిదో చెంబు నిండి పొర్లుతోంది. దయావతి వంగి కుళాయి కట్టేసింది. పోలేరమ్మ తలలో చామంతులు తీసి సంచిలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. అనకాపల్లి దాటి చాలా దూరం వచ్చాక, పోలేరమ్మ కిటికీ వైపు తిరిగే అడిగింది.

"మీకప్పుడు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే సెప్పలేదా?"

"చెబితే నువ్వు రావని చెప్పలేదు."

కండక్టరు ఎవరినో ఫుట్‌బోర్డు మీంచి లోపలికి తోస్తూ అరుస్తున్నాడు. బస్సు గతుకులో పడి లేచింది. ఇద్దరి భుజాలూ రాసుకుంటే, పోలేరమ్మ కొంచెం పక్కకి జరిగింది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని దయావతికి అనిపించింది. నర్సీపట్నంలో దిగాక పోలేరమ్మ ఆమె కోసం ఆగకుండా, సంచి చంకలో పెట్టుకుని పేట వైపు నడిచిపోయింది.

గురువారం దయావతి సీతాలు ఇంటికి వెళ్లింది. ఆ ఇల్లు పోలేరమ్మ ఇంటికి రెండు గుమ్మాలవతల. సీతాలుకి పాతికేళ్లు. నలుగురు పిల్లలు, నాలుగోది నెలన్నర కిందట పుట్టింది. ఆ కానుపులో నెత్తురు కట్టలేదు. దయావతి రెండు చేతులూ పిడికిళ్లు బిగించి ఆమె పొత్తికడుపు నొక్కి పట్టుకుని, చెరుకు లారీలో గోనెసంచుల మీద కూర్చుని ఆసుపత్రి దాకా తీసుకెళ్లింది. ఆవేళ డాక్టరు చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. ఇంకో కానుపు వస్తే ఈ మనిషి ఉండదు.

దయావతి ఆమె కింది కనురెప్ప లాగి చూసింది. ఇంకా తెల్లగానే ఉంది. ఐరన్ మాత్రల పొట్లం అలాగే గూట్లో ఉంది.

"మింగితే కడుపులో తిప్పుతోందండి" అంది సీతాలు. పిల్ల పాలు వదిలి ఏడిస్తే మళ్లీ అందించింది. పిల్లకి చాలడం లేదు.

సీతాలు మొగుడు సింగన్న అప్పుడే చెరుకు కోత నుంచి వచ్చాడు. మోచేతుల నిండా ఆకు గీరిన గీతలు. కత్తి చూరులో దోపి, చెంబుతో నీళ్లు మొహాన కొట్టుకుని, గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మగారూ, మీరు శానా మంచి సేసేరు. ఇది బతికిందంటే మీ సలవే. కానీ ఆ ఆపరేసను మాకొద్దండి. పోలేరమ్మకేటయిందో సూసేం కదా."

"దానికీ దీనికీ సంబంధం లేదు సింగన్నా. మా అమ్మ తొమ్మిదో కానుపులో పోయింది. నాకప్పటికి..." దయావతి ఆగిపోయింది. ఆ మాట నిజమే. తల్లి పోయిన మంచం ఆమెకింకా గుర్తే. కానీ ఎన్ని గుమ్మాల్లో ఎన్నిసార్లు చెప్పిందో, ఇప్పుడు అది తన నోటికే పాఠంలా వినిపించింది.

"పోనీ, రేపు ఏ రోగమో వచ్చి పిల్లలకేటన్నా అయితే, ఆ ముడి ఇప్పుతారా?" అన్నాడు సింగన్న. "ఇప్పుతారని మీరు సెప్పండి. మీరంటే మాకు గురి. దీన్నిప్పుడే తీసుకెల్లిపొండి."

సీతాలు తలెత్తి దయావతి మొహంలోకి చూసింది. పిల్ల చీకడం ఆపి నిద్రపోయింది. ఒక్క మాట. 'విప్పుతారు.' అంటే ఈ మనిషి బతుకుతుంది. నలుగురు పిల్లలకి తల్లి ఉంటుంది. అనకపోతే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఆ గోనెసంచులు. ఈసారి లారీ దొరక్కపోవచ్చు.

"విప్పరు" అంది దయావతి. "ముడి కాదది. ఇప్పుడైతే గొట్టానికి రింగు బిగించి మూసేస్తారు. అదివరకైతే కోసేవారు. ఏదైనా ఒకటే. మళ్లీ పిల్లలు పుట్టరు. పదిమందిలో ఒకరికి అతుకుతుందేమో, దాన్ని నమ్ముకోవద్దు."

"మరి పోలేరమ్మకి ముడని సెప్పేరంట?"

"అబద్ధం చెప్పాను."

సింగన్న తన అరచేతుల్లోని బొబ్బలు చూసుకున్నాడు. కోపమొచ్చినట్టు లేదు. ఏదో అడుగుదామని అడగలేకపోయినవాడిలా లేచి నిలబడ్డాడు. "ఎల్లండమ్మా" అన్నాడు. "మాకొద్దు."

శుక్రవారం ఉదయానికి ఆ మాట పేటంతా తిరిగింది. సోమలమ్మ తలుపు వేసుకుని, ఇంట్లో లేనని కూతురి చేత చెప్పించింది. దయావతి మూడో మనిషి కోసం ఎక్కడికీ వెళ్లలేదు. వరండాలో కూర్చుని అరిగిన సూదుల మొనలు ఆకురాయి మీద పదును పెడుతుంటే జీవరాజుగారొచ్చారు. లూనా స్టాండు కూడా సరిగ్గా వెయ్యలేదు.

"ఏం చేశావమ్మా?"

"అడిగారు సార్, చెప్పాను."

"నేను డాక్టరుగారికి ఏం చెప్పుకోను? పద్నాలుగు మంది నర్సులు నా కింద. ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. ఆయన నిన్ను కొండ మీదకి బదిలీ చేస్తానంటే నేను ఆపలేను, తెలుసుకో." ఆయన గొంతు మధ్యలోనే తగ్గిపోయింది. మెట్టు మీద కూలబడి, మోకాళ్లు రెండూ చేతుల్తో పట్టుకున్నారు. "ఆ సీతాలు చచ్చిపోతుంది దయావతమ్మా. అది తెలిసే చెప్పావా?"

"ఆ."

"అప్పుడు నీ నిజం ఎవరిని బతికించింది?"

ఆ ప్రశ్న ఆయన దెప్పడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగారు. దయావతి సూది మొన వేలి మీద ఆనించి చూసుకుంది. పదును రాలేదు. మళ్లీ రాయి మీద పెట్టింది.

శనివారం క్యాంపు ఒక బడి గదుల్లో పెట్టారు. బెంచీలన్నీ వరండాలో ఒకదానిమీదొకటి పేర్చారు. ఒక గదిలో ఆపరేషన్ బల్లలు, రెండో గదిలో గచ్చు మీద చాపలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, గొలుగొండ వైపు నుంచి, జీపుల్లో ట్రాక్టర్లలో ఆడవాళ్లని దించుతున్నారు. రాత్రి నుంచి ఏమీ తినలేదేమో నీరసంగా గోడలకి చేరబడ్డారు. దయావతికి చీటీలు కట్టే పని. ప్రతి మనిషి మణికట్టుకీ నంబరు రాసిన గాజుగుడ్డ కట్టాలి, నెత్తురు పరీక్షకి వేలు గుచ్చాలి, ఫారం మీద వేలిముద్ర వేయించాలి. తన పేట నుంచి ఒక్కరూ రాలేదు. పక్కనే రిజిస్టరుతో కూర్చున్న జీవరాజుగారు ఆమె పేరు ఎదురుగా గడి ఖాళీగా వదిలేశారు.

పదకొండు గంటలవేళ గేటు దగ్గర ఆమె మొదట చూసింది పోలేరమ్మని. చంకలో నెలన్నర పిల్ల. వెనకే సీతాలు, అడుగులో అడుగేసుకుంటూ. సింగన్న గేటు బయటే ఆగిపోయి బీడీ ముట్టించుకున్నాడు.

దయావతి చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది.

"నిన్న సింగన్న కాడికెల్లేను" అంది పోలేరమ్మ, దయావతికేసి చూడకుండా పిల్లని సర్దుకుంటూ. "ఒరే, నా బిడ్డలు ఆపరేసనుకి సావలేదు, ఆ నూతి నీల్లకి సచ్చేరు అన్నాను. అమ్మగారు నీకు నిజం సెప్పేరు, నాకు సెప్పలేదు, నీ అదురుస్టం అన్నాను. దీని రెండో గుంట రోజూ నా కంచంలోనే తింటాది. ఇది పోతే ఆ నలుగుర్నీ ఎవులు సాకుతారు? నానా? నాకైతే నా బిడ్డల్ని సాక్కోవాలని ఉంటాది గానీ."

మీరు మంచివారని గానీ, క్షమించానని గానీ ఆమె అనలేదు. పిల్లని తీసుకుని గోడ వారకి వెళ్లి కూర్చుంది.

సీతాలుకి వేలు గుచ్చారు. నెత్తురు తక్కువే గానీ ఫరవాలేదన్నారు. ఒక మనిషి ఇంకు పెట్టె తెచ్చి ఆమె బొటనవేలు పట్టుకున్నాడు. సీతాలు పిడికిలి బిగించింది.

"ఏటుందో సదవండి."

"అందరికీ ఉండేదే. వెయ్యమ్మా, బేగి వెయ్యి" అన్నాడతను.

"అమ్మగారు సదువుతారు."

దయావతి ఫారం అందుకుంది. నాలుగేళ్లుగా కాదు, ఇంకా ముందు నుంచీ ఆ ఫారాలు కట్టలు కట్టలుగా తన చేతుల మీదుగా వెళ్లాయి. పైకి ఎప్పుడూ చదవలేదు. "ఈ ఆపరేషన్ శాశ్వతమైనదని, దీని తరువాత నాకు సంతానం కలగదని, నాకు అర్థమయ్యే భాషలో వివరించారు. ఎవరి బలవంతం లేకుండా, నా ఇష్టపూర్వకంగానే..."

"శాశ్వతమంటే ఏటండీ?"

అడిగింది సీతాలు కాదు. వెనక చాప మీద కూర్చున్న మనిషి, ఏ ఊరిదో, ఇరవై రెండేళ్లుంటాయి. ముక్కుకి పెద్ద ముక్కెర. మణికట్టుకి పందొమ్మిదో నంబరు.

"ఇంకెప్పుడూ పిల్లలు పుట్టరని. నువ్వు కావాలన్నా పుట్టరు."

"ఆడపిల్ల పెద్దదయ్యీదాకా ఆపుతారని గదా తీసుకొచ్చేరు?"

గోడలకి చేరబడ్డవాళ్లు నిటారుగా కూర్చున్నారు. ఇంకొకామె తన చీటీ చూసుకుంటూ, "మరి నాకూ సదవండి" అంది. ఇంకొకామె, "నాకూ."

సీతాలు వేలు ఇంకులో అద్ది, తనే కాగితం మీద నొక్కింది. లేచి ఆపరేషన్ గది వైపు నడిచింది. దయావతి రెండో ఫారం తీసింది. చదివింది. మూడోది తీసింది. అందరికీ ఒకే ముక్క అయినా, ఒక్కొక్కరి ముందూ కూర్చుని, ఎంతమంది పిల్లలో అడిగి, చదివి, అర్థమైందా అని అడిగి, అప్పుడు ఇంకు పెట్టె జరిపింది. ఒకామె నవ్వి, "నాకారుగురమ్మా, సదవకపోయినా ఏస్తాను" అంటే ఆమెకీ చదివింది. ముక్కెర మనిషి మణికట్టు మీది గాజుగుడ్డ పళ్లతో కొరికి తెంపి, చాప చుట్టకుండానే వెళ్లిపోయింది. ఆమె వెనకాల ఇంకొకరు. ఒక ఊరి జీపు డ్రైవరు గుమ్మంలోకి వచ్చి కేకలేశాడు.

పెద్ద డాక్టరు మాస్కు గెడ్డం కిందకి లాక్కుని బయటికొచ్చారు. చేతి తొడుగుల మీద తడి. "ఏంటిది? లోపల బల్ల ఖాళీగా ఉంది. ఎవరావిడ?"

దయావతి లేచి నిలబడింది. ఫారం చేతిలోనే ఉంది. ఆమె నోరు తెరిచేలోపు జీవరాజుగారు రిజిస్టరు మీంచి తలెత్తకుండానే అన్నారు.

"ఫారం చదువుతోందండీ. అందులో ఉన్నదే చదువుతోంది."

డాక్టరు ఆయన్నీ ఈమెనీ మార్చి మార్చి చూసి, గడియారం చూసుకుని, "త్వరగా కానివ్వండి" అని లోపలికి వెళ్లిపోయారు.

ముప్ఫై నలుగురిలో ఏడుగురు వెళ్లిపోయారు. ఇరవై ఏడుగురు ఉన్నారు. నాలుగు దాటేసరికి దయావతి గొంతు బొంగురుపోయింది. జీవరాజుగారు పెన్ను మూత పెట్టి, "మెమో రాయక తప్పదమ్మా" అన్నారు. "సోమవారం వస్తుంది. జవాబేం రాయాలో ఆలోచించుకో." "రాయండి సార్" అంది ఆమె. ఆయన తలూపి, తన ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి ఆమె ముందు పెట్టి వెళ్లారు. చల్లారిపోయింది. అయినా తాగింది.

వెనక గదిలో సీతాలు మత్తుగా పడుకుని ఉంది. దయావతి నాడి చూసింది, పొట్ట మీద కట్టు చూసింది, దుప్పటి కప్పింది. సింగన్న గుమ్మంలో కొబ్బరిబోండం పట్టుకుని నిలబడ్డాడు. పోలేరమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పిల్లని పడుకోబెట్టుకుని, మెల్లగా మోకాళ్లు ఊపుతోంది.

"పదిమందిలో ఒకరికని గదా అంది ఆ డాక్టరమ్మ?" అంది.

"ఒకరికో, ఇద్దరికో."

"నానెల్తాను. పేరు రాయించండి."

దయావతి సరేననడానికి నోరు తెరిచి, ఆగింది. "పొట్ట మళ్లీ కోస్తారు పోలేరమ్మా. ముందుదానికంటే పెద్ద కోత. రెండు మూడు నెలలు గంప ఎత్తకూడదు."

"ఇంకేటి?"

"వంతు వచ్చేసరికి వచ్చే వానాకాలం దాటిపోవచ్చు. అప్పటిదాకా మీ అత్త ఆగుతుందో లేదో."

"ఆగదు" అంది పోలేరమ్మ. "ఇంకేటి?"

"అంతా అయ్యాక కూడా కడుపు రాకపోవచ్చు. రాకపోవడానికే ఎక్కువ."

పిల్ల కదిలింది. పోలేరమ్మ ఊపడం ఆపి, మళ్లీ ఊపింది. "అన్నీ సెప్పీండి. ఒక్కటీ దాసకండి. అన్నీ ఇన్నాక అప్పుడు నాను సెప్తాను, ఎల్తానో ఎల్లనో."

దయావతి నడుము పట్టుకుని నెమ్మదిగా వంగి, ఆమె పక్కన గచ్చు మీద కూర్చుంది. తనకి తెలిసినదంతా, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.